వత్తి కుండీ: ఇంట్లో మొక్క తన నీళ్లు తనే తాగేలా చేయడం ఎలా

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చి తలుపు తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. వంటింట్లో ఏదో మర్చిపోయాం అనుకున్నాం. ఫ్రిజ్ చూశాం, చెత్తబుట్ట చూశాం, సింకు కింద కూడా చూశాం. చివరికి హాల్లో కిటికీ పక్కన పెట్టిన పీస్ లిల్లీ దగ్గర తేలింది. ఊరెళ్లే ముందు రోజే దాన్ని కొత్తగా కొన్న సెల్ఫ్ వాటరింగ్ కుండీలోకి మార్చి, అడుగున నీళ్లు అంచుదాకా నింపి, ఇక టెన్షన్ లేదని రైలెక్కాను. వచ్చేసరికి ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. కాడ పట్టుకుని కాస్త లాగితే మొక్క చేతిలోకి వచ్చేసింది. వేళ్లు ఉండాల్సిన చోట గోధుమరంగు జిగురు.

ఎండిపోతుందని భయపడి కొన్న కుండీలో మొక్క నీళ్లెక్కువై చచ్చింది. కుండీని తిట్టుకున్నాను గానీ తప్పు దానిది కాదు. నర్సరీ నుంచి వచ్చిన ఎర్రమట్టి ముద్దను అలాగే తీసి అందులో కూర్చోబెట్టాను. ఆ తర్వాత మూడేళ్లలో ఇంట్లో పదిహేను దాకా కుండీలు ఈ పద్ధతికి మార్చాను. వాటిలో కొన్నవి మూడే, మిగతావన్నీ పెరుగు బకెట్లు. మీరు కొన్నా, ఇంట్లోనే చేసుకున్నా పని వరస ఒకటే.

అసలు లోపల జరిగేది

పేరు విని కుండీలో ఏ మోటారో, టైమరో ఉంటుందనుకోకండి. ప్రమిదలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కింద నూనె, మధ్యలో వత్తి, పైన మంట. నూనె బదులు నీళ్లు, మంట బదులు వేళ్లు. నూలు పోగుల మధ్య సన్నటి సందుల్లోంచి నూనె పైకి పాకినట్టే, నీళ్లు ముందు వత్తిలోంచి, తర్వాత మట్టి రేణువుల మధ్య సందుల్లోంచి పైకి పాకుతాయి. మొక్క తాగి మట్టి పొడిబారిన కొద్దీ కింది నుంచి వస్తుంటాయి. మట్టి తడిగా ఉంటే ఆ పాకడం నెమ్మదిస్తుంది.

నెమ్మదిస్తుంది అన్నాను, వేళ్లకు చాలనుకున్నప్పుడు ఆగుతుంది అనలేదు. మట్టి ఎంత తడి పట్టుకోగలదో అంతా పట్టేదాకా వత్తి ఇస్తూనే ఉంటుంది. బంకమట్టిలో సందులు మరీ సన్నం, నీళ్లు వాటన్నిటిలోకీ ఎక్కేసి గాలికి చోటు లేకుండా చేస్తాయి. వేళ్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. గాలి ఆడని తడిలో పెరిగే బ్యాక్టీరియా పనే ఆ కోడిగుడ్డు వాసన. పోనీ ముతక ఇసుకో, కంకరో నింపితే గాలి బోలెడు ఉంటుంది, నీళ్లే పైకెక్కవు. ఈ రెంటికీ మధ్యలో ఉండే మిశ్రమం కలుపుకోవడమే ఈ పనిలో ముప్పాతిక వంతు. కుండీ మీద రెండొందలు పెట్టినా రెండు వేలు పెట్టినా ఈ లెక్క మారదు.

ముందు మొక్కను చూడండి

అన్ని మొక్కలకూ ఇది పనికిరాదు. ఎప్పుడూ కొంచెం తడి కోరుకునేవే తీసుకోండి: పీస్ లిల్లీ, మనీ ప్లాంట్, సింగోనియం, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, కోలియస్, ఆఫ్రికన్ వయొలెట్. బాల్కనీలో పుదీనా, తమలపాకు తీగ ఈ కుండీల్లో హాయిగా ఉంటాయి. మా ఇంట్లో తమలపాకు మామూలు కుండీలో ఉన్నప్పుడు వేసవిలో ఆకు అరచేతిలో సగమే వచ్చేది. వత్తి పెట్టాక రెండు నెలలకు తాంబూలానికి పనికొచ్చే ఆకు వచ్చింది.

స్నేక్ ప్లాంట్, జడ్‌జడ్ ప్లాంట్, కలబంద, జేడ్, అడీనియం, కాక్టస్ జోలికి వెళ్లొద్దు. ఇవి కాండంలోనో, ఆకులోనో, దుంపలోనో నీళ్లు దాచుకుని వారాల తరబడి ఎండును భరించే మొక్కలు. కింద నుంచి నిత్యం తడి తగిలితే కుళ్లుతాయి. నిజానికి వాటికి ఈ హంగామా అక్కర్లేదు, మీరు ఊరెళ్లినా పట్టించుకోవు.

తులసికి కూడా వద్దంటాను, కాకపోతే కారణం వేరు. పొద్దున్నే స్నానం చేసి చెంబుతో నీళ్లు పోసేవాళ్లు ఇంట్లో ఒకరుంటారు. కింది నుంచి వత్తి, పైనుంచి చెంబు! రెండు వైపులా తట్టుకోవడం తులసమ్మ వల్ల కాదు.

మట్టి: ఇక్కడ తొందరపడకండి

మన నర్సరీల్లో, ముఖ్యంగా కడియం వైపు నుంచి వచ్చే చాలా మొక్కలకు వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. లారీలో వందల మైళ్లు వచ్చినా వేళ్లు కదలకుండా పట్టుకుంటుంది కాబట్టి వాళ్లకది మంచిదే. మన కుండీలోకి మాత్రం ఆ ముద్ద రాకూడదు. ఒక బకెట్‌లో నీళ్లు పోసి ముద్దను అరగంట నాననివ్వండి. తర్వాత నీళ్లలోనే ఉంచి చేతివేళ్లతో మెల్లగా కదుపుతూ మట్టిని విడదీయండి. లాగొద్దు, పిసకొద్దు. నీళ్లు ఎర్రగా అయితే పారబోసి మళ్లీ పట్టండి. వేళ్ల మధ్య కాస్త మట్టి మిగిలినా ఫర్వాలేదు, నిమ్మకాయంత ముద్ద మాత్రం ఉండకూడదు. ఈ పని సాయంత్రం పెట్టుకోండి. ఆ తర్వాత వారం రోజులు మొక్కను నీడలో ఉంచండి.

మిశ్రమానికి కావాల్సింది కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), పెర్లైట్ (గాలి ఆడేలా చేసే తేలికపాటి తెల్ల గుళికలు), కొద్దిగా వర్మీకంపోస్టు. 650 గ్రాముల కోకోపీట్ ఇటుకను నీళ్లలో వేస్తే సుమారు 8 లీటర్ల దాకా ఉబ్బుతుంది, నాలుగైదు 6 అంగుళాల కుండీలకు సరిపోతుంది. నానిన దాన్ని అలాగే వాడేయకండి. కొబ్బరిపీచులో ఉప్పు ఉంటుంది. పాత పంచెలోనో, చున్నీలోనో వేసి పిండి, మంచినీళ్లలో ముంచి, మళ్లీ పిండాలి. రెండుసార్లు చేయండి, మూడుసార్లు చేస్తే ఇంకా మంచిది. మామూలు కుండీలో అయితే మీరు పైనుంచి పోసే నీళ్లతో ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోయేది. ఈ కుండీలో నీళ్లు పైకే నడుస్తాయి, ఉప్పుకు బయటికి దారి ఉండదు.

పాళ్లు గ్లాసుతో కొలుచుకోండి: కోకోపీట్ 5, పెర్లైట్ 3, వర్మీకంపోస్టు 1. కంపోస్టు ఎక్కువైతే అదీ మెత్తబడి బంకలా తయారవుతుంది, పైగా చిన్నచిన్న నల్ల ఈగలు చేరతాయి. పెర్లైట్ దొరక్కపోయినా, ఖరీదనిపించినా రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక వాడొచ్చు. ఏడాది తిరిగేసరికి అది కుళ్లి అణిగిపోతుంది కాబట్టి అప్పుడు మిశ్రమం మార్చాలి. శనగగింజంత ఇటుక ముక్కలు కూడా పనిచేస్తాయి, కుండీ బరువెక్కుతుంది అంతే.

కలిపాక పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కండి. రెండు మూడు చుక్కలకు మించి కారకూడదు. చేయి తెరిస్తే సున్నుండలా నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. తట్టినా విడిపోకపోతే పెర్లైట్ ఇంకాస్త వేయండి. అసలు ఉండే కట్టకపోతే కోకోపీట్ తక్కువైనట్టు.

ఒక అలవాటు మాత్రం ఇక్కడ మానుకోవాలి. కుండీ అడుగున కంకర పరవడం. నీళ్లు పైకెక్కే దారికి అడ్డంగా రాళ్లు పోస్తే వత్తి ఉన్నా లాభం ఉండదు. మామూలు కుండీలో కూడా ఆ కంకర వల్ల నీళ్లు తొందరగా పోతాయన్నది భ్రమే. సన్నటి మట్టిలోంచి నీళ్లు రాళ్ల సందుల్లోకి అంత తేలిగ్గా దిగవు. తడి పొర రాళ్లకు పైన, అంటే వేళ్లకు ఇంకా దగ్గరగా నిలబడుతుంది.

వత్తి పరీక్ష

ఒక ఆదివారం బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు గ్లాసులో పోసి, ఇంట్లో దొరికిన పీలికలన్నీ తెచ్చి వరసగా వేలాడదీశాను. ఒక కొస నీళ్లలో, రెండో కొస గ్లాసు అంచు మీదుగా బయటికి. కాటన్ లంగా బొందు, పాత టీషర్టు పీలిక, పాలిస్టర్ షూ లేసు, మైక్రోఫైబర్ గుడ్డ ముక్క, బట్టలారేసే ప్లాస్టిక్ తాడు. అరగంటలో బొందు, టీషర్టు, మైక్రోఫైబర్ మూడూ అంచు దాటి అవతలి వైపు ఎర్రబడ్డాయి. ప్లాస్టిక్ తాడు ఒక్క అంగుళం కూడా ఎక్కలేదు. షూ లేసు సగం దాకా వచ్చి ఆగింది. దాన్ని వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, ఆరబెట్టి మళ్లీ పెడితే అది కూడా అంచు దాటింది. కొత్త దారాల మీద ఫ్యాక్టరీలో పూసే నూనెలాంటి పూత వల్ల ముందు ఆగిపోయింది.

మీరూ వాడబోయే దాన్ని ఇలా ఒకసారి చూసుకోండి. గెలిచిన వాటిలో ఏది వాడాలంటే, కాటన్‌ది వద్దు. తడిలో మూడు నాలుగు నెలలకే కుళ్లి తెగిపోతుంది. పైకి ఏమీ కనబడదు, కింద నీళ్లు నిండుగా ఉంటాయి, మొక్క మాత్రం వాడిపోతుంటుంది. ఉతికిన పాలిస్టర్ లేసో, మైక్రోఫైబర్ పీలికో అయితే ఏడాదికి పైగా ఆగుతుంది. పెన్సిలంత లావుగా పేనండి. 4 అంగుళాల కుండీకి ఒకటి, 6 అంగుళాలకు రెండు, 8 అంగుళాలకు మూడు చాలు. ఎక్కువ వత్తులు పెడితే మొక్క ఎక్కువ పెరగదు, మట్టి ఎక్కువ నానుతుంది.

పెరుగు బకెట్‌తో చేయడం

ఫంక్షన్లకు తెచ్చే 5 కేజీల పెరుగు బకెట్ 6 అంగుళాల కుండీకి సరిగ్గా సరిపోతుంది. చిన్న మొక్కలకు కేజీ బకెట్ చాలు. తెల్లగా, వెలుతురు పెద్దగా దూరకుండా ఉండడం దీని సుగుణం. పారదర్శకంగా ఉండే సీసాలు వాడితే పది రోజుల్లో లోపల పాచి పడుతుంది. తప్పక వాడాల్సి వస్తే బయట నల్ల కాగితం చుట్టండి.

బకెట్‌ను సబ్బుతో కడిగి పెరుగు వాసన లేకుండా ఆరబెట్టండి. మూత మధ్యలో, కుండీ అడుగు చిల్లులకు ఎదురుగా వచ్చేలా, వత్తికి ఒక్కో చిల్లు పెట్టాలి. పాత స్క్రూడ్రైవర్‌ను గుడ్డతో పట్టుకుని గ్యాస్ మంట మీద కాల్చి గుచ్చితే ప్లాస్టిక్ వెన్నలా దిగుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి, పొగ పీల్చకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. చిల్లు వత్తి కంటే కొంచెం పెద్దగా ఉంటే పైనుంచి పోసిన అదనపు నీళ్లు కూడా దాంట్లోంచే కిందికి దిగుతాయి.

బకెట్ గోడకు, మూత అంచు కంటే రెండు వేళ్లు కిందగా, ఇంకో చిన్న చిల్లు పెట్టండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. నీళ్లు ఎక్కువైతే ఇందులోంచి బయటికి పోతాయి, కుండీ అడుగును తాకవు. నీటి మట్టానికీ కుండీకీ మధ్య ఆ రెండు వేళ్ల ఖాళీలో గాలి ఉంటుంది, మొక్క వేళ్లకు అది కావాలి. ఈ చిల్లుకు లోపలి వైపు నుంచి దోమతెర ముక్క అంటించండి.

ఇప్పుడు వత్తి. నీళ్లలో ముంచి పూర్తిగా తడపండి. ఎండు వత్తి తనంతట తను మొదలవదు. కుండీ అడుగు చిల్లులోంచి పైకి లాగి, లోపల కుండీ ఎత్తులో సగం దాకా రానివ్వండి. మిశ్రమం రెండు అంగుళాలు వేసి, వత్తిని దానిమీద ఒక చుట్టు తిప్పి, మళ్లీ మిశ్రమం వేసి, అప్పుడు మొక్కను పెట్టి చుట్టూ నింపండి. నిటారుగా వదిలేస్తే వత్తి పక్కనున్న మట్టి మాత్రమే తడుస్తుంది. అరచేత్తో దిమ్మిస్ కొట్టినట్టు నొక్కకండి, కుండీని నేలకు రెండుసార్లు తట్టితే చాలు, సర్దుకుంటుంది. కింది కొస మూత చిల్లులోంచి వెళ్లి బకెట్ అడుగును తాకి రెండు అంగుళాలు పడుకోవాలి. పొట్టిగా ఉంటే నీళ్లు సగం తగ్గగానే వత్తి గాలిలో వేలాడుతుంది.

కుండీ బరువుకు మూత కుంగుతుంటే బకెట్ లోపల ఒక చిన్న ప్లాస్టిక్ కుండీని బోర్లించి పెట్టండి. నీళ్లు పోయడానికి కుండీతో సహా మూత ఎత్తితే సరి. బరువెత్తలేని వాళ్లయితే మూత అంచున వేలు దూరేంత చిల్లు పెట్టి గరాటుతో పోసి, తర్వాత బిరడా పెట్టేయండి.

కొన్న కుండీ అయితే

బయట ఒక కుండీ, లోపల ఒక కుండీ, పక్కన నీటి మట్టం చూపే ఎర్ర పుల్ల. కొనేముందు నీళ్లు ఎక్కువైతే పోవడానికి దారి ఉందో లేదో చూడండి. అడుగున రబ్బరు బిరడాతో మూసి ఉంటుంది. ఇంట్లో పెడితే మూసే ఉంచొచ్చు. వాన పడే బాల్కనీలో మాత్రం తీసేయాలి, లేకపోతే ఒక్క రాత్రి వానకు మొక్క చెరువులో ఉంటుంది.

కొన్నిటిలో వత్తి ఉండదు. లోపలి కుండీకి కింద కాలులాంటి జాలీ బుట్ట ఉంటుంది, అది నీళ్లలో మునిగి ఉంటుంది. ఆ కాలిలో నింపిన మిశ్రమమే వత్తి పని చేస్తుంది. అందులో కంపోస్టు వేయకండి, కోకోపీటూ పెర్లైటూ సగం సగం వేసి కాస్త నొక్కండి. ఇక ఆ ఎర్ర పుల్లను గుడ్డిగా నమ్మొద్దు. అది ఇరుక్కుపోతుంటుంది, వారానికోసారి వేలితో తట్టి చూడండి.

మొదటి మూడు వారాలు

నేను రెండో తప్పు చేసింది ఇక్కడే. మార్చిన రోజే కింద నింపేసి వెళ్లిపోయాను.

మార్చిన రోజు పైనుంచి నెమ్మదిగా, అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. బకెట్‌లోకి దిగిన నీళ్లు పారబోయండి. మొదటి వారం బకెట్ ఖాళీగానే ఉండాలి. కదిలిన వేళ్లకు గాయాలు మానడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. పైమట్టి ఎండితే పైనుంచే కొద్దిగా పోయండి. రెండో వారం బకెట్‌లో సగం నింపండి. కాలు ఉన్న కొన్న కుండీ అయితే వేళ్లు కిందికి చేరడానికి ఆలస్యమవుతుంది, రెండు మూడు వారాలు పైనుంచి పోయడం మానకండి.

మూడో వారానికి ఒక సంగతి గమనిస్తారు. పైన ఒక అంగుళం మట్టి పొడిగా కనిపిస్తుంటుంది. అయ్యో ఎండిపోయింది అని చెంబు తీసుకోకండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి. అక్కడ చల్లగా తగిలితే అంతా బాగున్నట్టే. పైమట్టి కూడా ఎప్పుడూ తడిగానే ఉంటే ఒక వత్తి తీసేయండి.

ఎప్పుడు నింపాలి

నిండుగా ఉంచడమే మంచిదని అందరికీ అనిపిస్తుంది. బకెట్ పూర్తిగా ఖాళీ అయ్యాక ఒకటి రెండు రోజులు ఆగి అప్పుడు నింపండి. ఆ రెండు రోజుల్లో మట్టిలో నీళ్లు తగ్గి ఆ చోటులోకి గాలి వస్తుంది. ఫెర్న్‌కు మాత్రం ఈ ఎండు పనికిరాదు, ఖాళీ అయిన రోజే పోయాలి.

ఎన్ని రోజులకు అన్నది మీ ఇంటి వెలుతురు, గాలి, నెలను బట్టి ఉంటుంది. మార్కర్‌తో బకెట్ మీదే తేదీ రాసుకోండి. లీటరు పోశారు, ఎన్ని రోజులకు అయిపోయింది? మా పీస్ లిల్లీ జనవరిలో లీటరు నీళ్లు పన్నెండు రోజులు తాగితే, ఏప్రిల్ చివర్లో ఐదు రోజులకే అయిపోతాయి. ఒక నెల రాసుకుంటే మీ లెక్క మీకు తెలిసిపోతుంది. ఎండ నేరుగా పడే చోట బకెట్ పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో లోపలి నీళ్లు వేడెక్కుతాయి, వేళ్లు ఉడికిపోతాయి.

దోమ

డెంగీ దోమ ఇష్టపడేది నిలవ ఉన్న మంచినీళ్లనే, మురుగును కాదు. గుడ్డు నుంచి దోమ అవడానికి మన వేడికి వారం, పది రోజులు చాలు. అంటే మనం ఇష్టంగా పెట్టుకున్న బకెట్ దానికి పురిటి గది. చిల్లుకు దోమతెర, గరాటు దారికి బిరడా ఉంటే చాలావరకు సరిపోతుంది. అయినా ఆరోగ్య శాఖ వాళ్లు చెప్పే శుక్రవారం డ్రైడే (నిలవ నీళ్లన్నీ ఖాళీ చేసే రోజు) నాడు మూత ఎత్తి ఒకసారి టార్చి వేసి చూడండి. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతుంటే నీళ్లు మట్టి నేల మీద పారబోయండి, డ్రైనేజీలో కాదు. తర్వాత బకెట్ గోడల్ని పీచుతో రుద్దాలి. ఊరికే పారబోస్తే చాలదు, ఆ గుడ్లు గోడకు అతుక్కుని నెలల తరబడి ఎండులోనూ బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. కిరోసిన్ చుక్కలు వేయమని చెప్పేవాళ్లుంటారు. అది వత్తిలోంచి మొక్కకే పోతుంది, వేయకండి.

తెల్ల పొర

రెండు మూడు నెలలకు మట్టి మీద, కుండీ అంచున తెల్లగా సున్నంలా కనబడితే అది బూజు కాదు. బోరు నీళ్లలోని లవణాలు. నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు మిగిలిపోతాయి. ఇవి పెరిగితే ఆకు చివర్లు గోధుమరంగుకు మారి ఎండుతాయి.

రెండు నెలలకోసారి కుండీని సింకులోకో, బాత్రూంలోకో తీసుకెళ్లి పైనుంచి ధారగా నీళ్లు పోయండి. కుండీలో ఎంత మట్టి పడుతుందో దానికి రెండు మూడింతల నీళ్లు. 6 అంగుళాల కుండీకి నాలుగైదు లీటర్లు. నీళ్లన్నీ కారిపోనిచ్చి బకెట్ మీద పెట్టండి. పైన తెల్లబడిన అర అంగుళం మట్టిని ముందే గీకి పారేస్తే ఇంకా మంచిది.

ఏ నీళ్లు వాడుతున్నారన్నదీ చూసుకోవాలి. ఏసీ నుంచి కారే నీళ్లు ఈ కుండీలకు చక్కగా సరిపోతాయి, లవణాలు దాదాపు ఉండవు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వద్దు, లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి. వాటిని ఇల్లు తుడవడానికి వాడుకోండి. అపార్ట్‌మెంట్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఇంకో చిక్కు. సబ్బు బాగా నురగొస్తుంది కదా మంచినీళ్లే అనుకుంటాం. ఆ మిషన్‌లో ఉప్పు వేసి నడుపుతారు, సున్నం స్థానంలో సోడియం చేరుతుంది. మొక్కకు సున్నం నీళ్ల కంటే అవే చెడ్డవి. కార్పొరేషన్ నీళ్లు వచ్చే కుళాయి ఉంటే అక్కడి నుంచి పట్టుకోండి.

ఎరువుల సంగతి క్లుప్తంగా. బియ్యం కడిగిన నీళ్లు, మజ్జిగ, జీవామృతం ఏవీ బకెట్‌లో పోయకండి. రెండో రోజుకే కంపు కొడుతుంది, వత్తి జిగురుపట్టి మూసుకుపోతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీళ్లలో పూర్తిగా కరిగే 19:19:19 ఎరువు లాంటిది లీటరుకు అర గ్రాము చొప్పున, నెలకోసారి పైనుంచి పోస్తే చాలు. చలికాలంలో అదీ అక్కర్లేదు.

ఊరెళ్లే ముందు

కొత్తగా మార్చిన మొక్కను నమ్ముకుని వెళ్లకండి. కనీసం నెల రోజులు ఈ కుండీలో గడిపి, ఎన్ని రోజులకు ఎన్ని నీళ్లు తాగుతుందో మీకు లెక్క తెలిసిన దాన్నే నమ్మండి. వెళ్లే ముందు రోజు పైనుంచి కొద్దిగా పోసి, మర్నాడు బకెట్ నింపండి. ముందు రోజే పోస్తే వత్తి, మట్టి రెండూ తడిసి ఉంటాయి, దారి తెగదు. మొక్కల్ని కిటికీ నుంచి రెండు మూడడుగులు లోపలికి జరపండి, వెలుతురు తగ్గితే తాగడమూ తగ్గుతుంది. ఫ్యాన్లు ఎలాగూ ఆగి ఉంటాయి. లెక్క ప్రకారం వారం నీళ్లే పడతాయి, పన్నెండు రోజులు ఊళ్లో ఉంటారు అనుకోండి, అప్పుడు బకెట్ పెద్దది మార్చండి. వత్తులు పెంచకండి, వాటివల్ల నీళ్లు ఇంకా ముందే అయిపోతాయి.

ఇంకొకటి. తాళంచెవి ఎదురింటి ఆంటీకి ఇచ్చి వెళ్తాం కదా. ఆవిడ మంచి మనసుతో రెండు రోజులకోసారి తలుపు తీసి, పాపం పైమట్టి ఎండిపోయిందని చెంబెడు నీళ్లు పోసి వెళ్తుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయి అయినా, ఊరి నుంచి వచ్చిన అమ్మ అయినా అంతే, మా ఇంట్లో ముగ్గురూ పోశారు. అందుకే ఇప్పుడు మా బకెట్లన్నిటి మీదా పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంటుంది: "దీనికి పైనుంచి పోయొద్దు. కింద ఉన్నాయి."